ఇరవై లెక్కపెట్టే లోపు

పెద్దిరాజుకు మురుగంటే అసహ్యం లేదు. ఇరవై రెండేళ్లుగా డ్రైనేజీ గ్యాంగులో పనిచేస్తున్నవాడికి ఉంటే మాత్రం కుదురుతుందా? ఖిదిర్‌పూర్ వీధుల్లో వాళ్లు మ్యాన్‌హోలు మూత లేపగానే బెంగాలీ బాబులంతా చేతిరుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ ఛీ" అంటూ అవతలి ఫుట్‌పాత్ ఎక్కేవాళ్లు. పెద్దిరాజుకు నవ్వొచ్చేది. "నీ ఇంట్లోంచి ఒచ్చిందే కదా బాబూ, నీకే గిట్టకపోతే ఎలగ?" అని తెలుగులో పైకే అనేవాడు. ఎలాగూ వాళ్లకు అర్థం కాదు.

తన అసహ్యమంతా ఇంటి కోసం దాచిపెట్టుకున్నాడు. లేబర్ లైన్లలో అతనిది ఒక గది, ముందో చిన్న వరండా. డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం తొక్కకుండా నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి, ఎర్ర సబ్బుతో మూడుసార్లు ఒళ్లు రుద్దుకునేవాడు. గోళ్లలోకి బ్రష్షు పెట్టి తోమేవాడు. భార్య రామమ్మ దూరం నుంచే ఉతికిన లుంగీ అందించేది. లోపల అగరొత్తులు, నేల మీద ఫినాయిలు. ఊరు ఊరంతా కంపు కొట్టొచ్చు గాని తన గుమ్మం లోపల కొట్టకూడదన్నది అతని పంతం. లైన్లలో ఆడవాళ్లు, పెద్దిరాజు ఇంటికి పేరంటానికెళ్లాలన్నా సబ్బు పట్టుకెళ్లాలని నవ్వుకునేవారు.

అలాంటి మనిషి ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు నూకరత్నం రోజూ పక్క తడిపేది.

రోజూ అంటే రోజూనే. కొన్ని రోజులు రెండుసార్లు. తెల్లారేసరికి చాప, బొంత, గౌను అన్నీ ముద్ద. ఆ వాసన ఫినాయిలునూ అగరొత్తినీ దాటుకుని వచ్చి పెద్దిరాజు ముక్కుకు తగిలేది. మొదట్లో కసిరాడు, తర్వాత కొట్టాడు. సాయంత్రం నాలుగు దాటాక పిల్లకు చుక్క నీళ్లు ఇవ్వొద్దన్నాడు. ఎండాకాలంలో పిల్ల నాలుక పిడచగట్టుకుపోయి అన్నం మింగలేకపోతుంటే, రామమ్మ చాటుగా రెండు గుక్కలు పట్టించేది. పట్టించినా పక్క తడిసేది, పట్టించకపోయినా తడిసేది. తాయెత్తు కట్టించాడు. అదీ తడిసింది.

పడుకునేటప్పుడు అతను గోడ వైపు తిరిగి, తువ్వాలు ముక్కుకూ చెవులకూ కలిపి బిగించి చుట్టుకునేవాడు. కూతురి వైపు తిరిగి పడుకున్న రాత్రి ఒక్కటి కూడా రామమ్మకు గుర్తు లేదు. చివరికి పోయినేడాది దుర్గాపూజలప్పుడు గోడలకు సున్నం వేయించి, ఆ రోజు నుంచి పిల్లను గదిలో పడుకోనివ్వలేదు. వరండాలో గోనెపట్టా పరిచి, "గదిలో వాసనొస్తాది. ఆరిన రోజున లోపలికి రా" అన్నాడు. నూకరత్నం ఏడవలేదు. ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకోవడం దానికి అలవాటైపోయింది.

తెల్లారితే ఆ తడి పట్టాను నెత్తిన పెట్టుకుని లైనంతా దాటి కుళాయి దాకా అదే మోసుకెళ్లాలి. ఇదీ పెద్దిరాజు పెట్టిన రూలే, సిగ్గు తెచ్చుకుంటుందని. పిల్లలు వెనకబడి కేకలేసేవారు. బళ్లో టీచరమ్మ దాన్ని వేరే బెంచీ మీద కూర్చోబెట్టింది. పైగా పాఠం చెబుతుంటే నిద్రపోతోందని, ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుందని కబురు పెట్టింది. "బద్దకం" అన్నాడు పెద్దిరాజు. తండ్రికి కూతురి గురించి తెలిసిన ముక్క అంతే.

ఇక గురక సంగతి. నూకరత్నం పెట్టే గురక లైన్లో అందరికీ తెలుసు. షాలిమార్ గూడ్సు బండి అని పేరు పెట్టారు. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. ముసలివాళ్లలా అంత గట్టిగా గుర్రుపెట్టి పడుకుంటే ఒంటికి పట్టిన నిద్రనే అనుకున్నారు. పెద్దిరాజు అయితే "మా నాన్న గురకే, అచ్చం దిగిపోనాది" అని కాస్త మురిసిపోయేవాడు కూడా. కూతురిలో అతనికి నచ్చిన గుణం అదొక్కటే, చంపుతున్నదీ అదే.

ఉగాది వెళ్లాక ఒక ఆదివారం ముసలమ్మను పిలిపించాడు. ముసలమ్మ అరవయ్యేళ్ల మనిషి. పలాస వైపు నుంచి వచ్చి ఈ లైన్లలోనే కోడళ్లను, మనవళ్లను చూసింది. పిల్లలకు కామెర్లొచ్చినా, మూర్ఛొచ్చినా, కడుపుబ్బినా వాతలు పెట్టడం ఆవిడ పని. పాత గొడుగు ఊచ ఒకటి గుడ్డలో చుట్టి దాచుకునేది. వైద్యానికి చుట్టలు తప్ప మరేమీ పుచ్చుకోనని గొప్పగా చెప్పుకునేది.

"బొడ్డు కింద మూడెయ్యాల" అంది, కుంపట్లో ఊచ తిప్పుతూ. "నరం వదులైపోనాది. కాలితే బిగుసుకుంటాది."

రామమ్మ వద్దంది. కాళ్లావేళ్లా పడింది. "నువ్వు నోరుమూసుకో. రేపు రజస్వలయ్యాక కూడా ఇలగే ఉంటే ఎవడు సేసుకుంటాడు?" అని కసిరి, పెద్దిరాజు కూతుర్ని గదిలో వెల్లకిలా పడేసి రెండు కాళ్లూ పట్టుకున్నాడు. రామమ్మ కుళాయి దగ్గరికి పారిపోయి చెవులు మూసుకుంది. ముసలమ్మ మూడు వాతలు పెట్టింది. సున్నం వేసిన ఆ గదిలో, ఫినాయిలు వాసన గదిలో, కాలిన చర్మం కంపు లేచింది. అంత శుచి గల పెద్దమనిషి అప్పుడేం చేశాడో తెలుసా? రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించాడు.

ఆ రాత్రి కూడా పట్టా తడిసింది. ఉచ్చ తగిలి పుండ్లు మండి పిల్ల తెల్లవార్లూ మూలిగింది. ముసలమ్మ వచ్చి చూసి, "ఇది మొండిది. వొచ్చే ఆదివారం అమాస. ఎనక నడుం మీద ఐదెయ్యాల" అంది. పెద్దిరాజు సరేనన్నాడు.

ఆ ఆదివారానికి ముందు గురువారం బంద్ వచ్చింది. ట్రాముల్లేవు, బస్సుల్లేవు, ఓడల డాకులో క్రేన్లు కదల్లేదు. డ్యూటీ లేక మగాళ్లంతా పట్టపగలు ఇళ్లలో పడ్డారు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద కుర్రాళ్లు ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారు. పెద్దిరాజు అన్నం తిని వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. ఎదురుగా గోనెపట్టా మీద నూకరత్నం మధ్యాహ్నం నిద్రలో ఉంది. కూతురు నిద్రపోతుంటే అతను పగటి వెలుతురులో చూడడం, ముక్కుకు తువ్వాలు లేకుండా చూడడం బహుశా చంటిపిల్లప్పటి తర్వాత అదే మొదలు.

ఇక్కడ అతని పని గురించి ఒక్క మాట చెప్పాలి. గ్యాంగులో ఇప్పుడు లోపలికి దిగేది సూరన్న. పెద్దిరాజు పైన తాడు పట్టుకుంటాడు. సూరన్న నడుముకు కట్టిన తాడు పెద్దిరాజు చేతిలో ఉంటుంది. లోపలివాడు ఉండుండి తాడు గుంజుతుండాలి, బతికే ఉన్నానని చెప్పడానికి. గుంజు రాకపోతే పైనున్నవాడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఇరవై వచ్చేసరికి ఇక ఏమీ ఆలోచించకుండా పైకి లాగేయాలి. కింద గ్యాసు ఉంటే మనిషి అరవలేడు. గొంతులో గురగురమని ఒక చప్పుడు వస్తుంది, తర్వాత ఏ చప్పుడూ ఉండదు. ఆ చప్పుడు వినగానే పెద్దిరాజు చేతులు వాటంతటవే లాగుతాయి. అలా సూరన్నను రెండుసార్లు బతికించాడు.

పట్టా మీద పిల్ల గురక పెడుతోంది. మెడ వెనక్కి విరిచి, నోరు బార్లా తెరిచి. జుట్టంతా చెమట. గాలి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది, డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి. గురక పెరిగి పెరిగి గొంతులో గురగురమంది. ఆ వెంటనే ఆగిపోయింది.

డొక్కలు ఎగురుతూనే ఉన్నాయి. గాలి మాత్రం పోవడం లేదు, రావడం లేదు.

పెద్దిరాజు పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. తను లెక్కపెడుతున్నట్టు కూడా అతనికి తెలియదు. తొమ్మిది, పది. పిల్ల పెదాల చుట్టూ నలుపు తిరిగింది. పద్నాలుగు, పదిహేను. అతని రెండు చేతులూ లేని తాడు కోసం ముందుకొచ్చాయి. పదిహేడు దగ్గర నూకరత్నం ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపి, మునిగినవాడు పైకి తేలినట్టు గట్టిగా గాలి పీల్చింది. కళ్లు తెరవలేదు. ఆ కుదుపుతోనే గోనెపట్టా మీద తడి పరుచుకుంది.

మళ్లీ గురక మొదలైంది. మళ్లీ ఆగింది. పన్నెండు. మళ్లీ మొదలైంది. అతను లేచి, కూతుర్ని భుజాలు పట్టి లేపి కూర్చోబెట్టాడు. పిల్ల కళ్లు తెరిచి, కింద తడి చూసుకుని, అలవాటుగా రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

"కొట్టనమ్మా" అన్నాడు పెద్దిరాజు. దానికి నమ్మకం కలగలేదు. చేతులు దించలేదు.

గోడ అవతల, రెండు గజాల దూరంలో, ప్రతి రాత్రీ కూతురు మ్యాన్‌హోలు గ్యాసులో చిక్కిన మనిషిలా గిలగిల్లాడుతుంటే తను చెవులకు తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. వాసన రాకుండా! పరాయివాడి చప్పుడు పదడుగుల లోతులో విన్నవాడు.

మర్నాడు బస్సులు తిరగ్గానే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు బాబు కుర్రవాడే. గంటసేపు క్యూలో నిలబడ్డాక లోపలికి పిలిచి, నోట్లో లైటు వేసి చూశాడు. బెంగాలీలో ప్రశ్నలు అడిగాడు. పెద్దిరాజు తనకొచ్చిన బెంగాలీలో, బంద్ రోజు చూసిందంతా చెప్పాడు. పదిహేడు లెక్క కూడా చెప్పాడు.

"లెక్కపెట్టావా?" అని డాక్టరు అతనికేసి మెచ్చుకోలుగా చూశాడు. "మంచి పని చేశావు. ముక్కు వెనకాల కండ పెరిగింది. టాన్సిల్స్ కూడా బాగా వాచాయి. పడుకోగానే గాలి దారి మూసుకుపోతోంది. రాత్రంతా ఊపిరి కోసమే కుస్తీ. అలా ఊపిరాడనప్పుడు గుండె మీద ఒత్తిడి పడి ఒంట్లో మూత్రం ఎక్కువ తయారవుతుంది. నిండినట్టు తెలిసి లేవడానికి పిల్లకు సరైన నిద్రే లేదు. తప్పు పిల్లది కాదు. ఆ కండ తీసేస్తే చాలామంది పిల్లలకు పక్క తడపడం తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని చెప్పలేను. ఊపిరి కోసమైతే తీయాల్సిందే."

తర్వాత కడుపు నొక్కి చూద్దామని పిల్లను బల్ల మీద పడుకోబెట్టి గౌను పైకి తీశాడు. బొడ్డు కింద మూడు పుండ్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఏంటివి?"

నూకరత్నానికి తండ్రి కంటే బెంగాలీ బాగా వచ్చు. తడుముకోకుండా చెప్పింది. "అన్నం గిన్నె తగిలి కాలింది, డాక్టరు బాబూ."

మూడు చోట్ల, వరసగా, ఒకే కొలతలో. డాక్టరు పిల్ల ముఖం చూశాడు, తండ్రి ముఖం చూశాడు. ఆ చూపు పెద్దిరాజుకు బాగా తెలిసిందే. ఫుట్‌పాత్ మారే బాబుల ముఖాల్లో ఇరవై రెండేళ్లుగా చూస్తున్నదే. ఇన్నేళ్లూ దానికి నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు.

"నేనే కాల్పించాను. కాళ్లు పట్టుకున్నాను" అన్నాడు.

డాక్టరు మలాము రాసిచ్చాడు. చీటీ అతని చేతికివ్వలేదు, పిల్ల చేతికిచ్చాడు. ఆపరేషనుకు పేరు రాసుకుని నాలుగు నెలల తర్వాత రమ్మన్నాడు.

ఆదివారం ముసలమ్మ ఊచ పట్టుకుని వస్తే, ఆసుపత్రి మందు వాడుతున్నామని చెప్పి పంపేశాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ నాలుగు నెలలూ రాత్రిళ్లు వరండాలో కూతురి పక్కన కూర్చుని లెక్కపెట్టాడు. పది దాటితే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పేవాడు. లోపలికి వచ్చి పడుకోమని బతిమాలాడు. "వొద్దు నాన్నా. గదిలో వాసనొస్తాది" అంది నూకరత్నం, కోపమేమీ లేకుండా. అతని మాట అతనికే అప్పజెప్పింది.

ఆపరేషను పూజల సెలవులకు ముందు అయింది. గురక తగ్గిపోయింది. పక్క తడపడం మొదట వారానికి నాలుగు రోజులైంది, తర్వాత రెండు, చలికాలం వచ్చేసరికి పూర్తిగా ఆగింది. బళ్లో నిద్రపోవడం మానేసింది. తడి పట్టా మోసే పనీ పోయింది. అయినా సరే, నూకరత్నం వరండా వదల్లేదు. జనవరి చలిలో కూడా గోనెపట్టా మీద, దుప్పటి తల దాకా కప్పుకుని, అక్కడే. రామమ్మ పిలిచినా రాలేదు. ఆరిన రోజున లోపలికి రమ్మన్న మనిషి, ఆరి రెండు నెలలైనా కూతుర్ని లోపలికి తెచ్చుకోలేకపోయాడు.

ఆపరేషను సంగతి ఎవరికీ చెప్పకపోవడంతో, లైన్లో మాత్రం పేరు ముసలమ్మకు వచ్చింది. "సూసినారా? మూడే మూడు వాతలు! ఆలస్యంగానైనా పని సేసినాయి" అని కుళాయి దగ్గర చెప్పుకుంది. పెద్దిరాజు విన్నాడు. విని ఊరుకున్నాడు. కాదనాలంటే ఆ రోజు గదిలో ఏం జరిగిందో నలుగురిలో తన నోటితో చెప్పాలి. పోనీలే, ముసలిదాని గొప్ప ఎవరికి చేటు అనుకున్నాడు. ఎంత నీచమైన సుఖమో చూడండి.

ఎవరికి చేటో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. సూరన్న ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. వరండాలో కుంపటి రాజుకుంటోంది. ముసలమ్మ గుడ్డ విప్పి ఊచ తీస్తోంది. లోపల మంచం మీద సూరన్న ఆరేళ్ల కూతురు చిన్నమ్మడు నిద్రలో ఉంది. ఆ పిల్ల పక్క తడుపుతుందని పెద్దిరాజుకు తెలుసు. గుమ్మంలోకి రాగానే గురక కూడా వినబడింది.

"లేపండి గుంటని" అంది ముసలమ్మ.

"లేపొద్దు" అన్నాడు పెద్దిరాజు.

సూరన్న తిరిగి చూశాడు. "ఏటి మావా? మీ గుంటకి వాతల్తోనే కదా తగ్గినాది."

పెద్దిరాజు లోపలికి నడిచి మంచం పక్కన నిలబడ్డాడు. "వాతల్తో తగ్గనేదు. వాతలెట్టిన రేత్రే తడిపినాది, నాలుగు నెల్లు తడుపుతానే ఉంది. ఆసుపత్రిలో పీకలో కండ తీసినాక తగ్గినాది. ఊపిరాడక సచ్చిపోతన్న గుంటని నాను తొక్కిపట్టి కాల్పించినాను. కాళ్లు పట్టుకున్నది నానే. ఈ ఊరి కంపంతా ఎత్తినోణ్ని సూరన్నా, నాకంటే కంపు ఎక్కడా సూళ్లేదు."

ముసలమ్మ ఏదో అనబోయింది.

"నువ్వు మాటాడకు" అని, పెద్దిరాజు సూరన్న చెయ్యి పట్టి మంచం దగ్గర కూర్చోబెట్టాడు. "గుంట నోటికాడ సెవి ఎట్టు. గురక ఆగగానే లెక్కెట్టు. తాడు నీ సేతిలో ఉందనుకో."

సూరన్న వంగాడు. చిన్నమ్మడు గొంతు గురగురమంది, ఆగింది. ఆ చప్పుడేమిటో లైన్లలో సూరన్న కంటే బాగా తెలిసినవాడు లేడు. కింద తన గొంతులోంచే విన్నాడు.

"ఒకటి… రెండు…" అని మొదలుపెట్టాడు. ఎనిమిది దాకా మామూలుగా పలికాడు. పదకొండు అంటూనే కూతుర్ని రెండు చేతుల్తో పైకి లాగి గుండెకు అదుముకున్నాడు. పిల్ల గాలి పీల్చుకుని ఏడుపు లంకించుకుంది. సూరన్న భార్య బిందెడు నీళ్లు తెచ్చి కుంపట్లో గుమ్మరించింది. ముసలమ్మ ఊచ మళ్లీ గుడ్డలో చుట్టుకుంటుంటే పెద్దిరాజు చెయ్యి చాపి తీసుకుని, మోకాలికేసి విరిచి, ముక్కలు కాలవలో పడేశాడు.

వెనక్కి తిరిగితే జనంలో నూకరత్నం కనిపించింది. చంకలో ఖాళీ బిందె. ఎప్పటి నుంచి నిలబడిందో, ఎంత విన్నదో అతను అడగలేదు. అది బిందెతో కుళాయి వైపు వెళ్లిపోయింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక నూకరత్నం వరండాలోని గోనెపట్టా దులిపి, మడిచి, కుళాయి గోడ మీద పడేసి వచ్చింది. లోపలికొచ్చి చాప పరుచుకుంది, తల్లికి అవతలి పక్క, తండ్రికి దూరంగా. రామమ్మ కళ్లు తుడుచుకుని దీపం తగ్గించింది. పెద్దిరాజు అలవాటు కొద్దీ గోడ వైపు జరిగి తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. కూతురు చూస్తోందని తెలిసి, తప్పు చేస్తూ పట్టుబడ్డ చిన్నపిల్లాడిలా అయిపోయాడు.

"నాన్నా" అంది నూకరత్నం చీకట్లోంచి. "ఈయేళ కూడా అటే తిరిగి పడుకుంటావేటి?"

పెద్దిరాజు తువ్వాలు గుమ్మం అవతలికి విసిరేసి, ఇటు తిరిగి పడుకున్నాడు.